కంప్యూటరు నిల్వలో చారల పంపకము

ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నము వెళ్లినవారు అచ్చటి రేవున బొగ్గు ఓడను దింపు విధమును చూచియుందురు. నెల్లూరునకు ఆగ్నేయముగా, కండలేరు పాయ సముద్రమున కలియు చోట, 2008లో ఈ రేవు నూతన రూపమున పని ప్రారంభించినది. సమీపముననే నేలటూరు వద్ద 800 మెగావాట్ల యూనిట్లు మూడు గల శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రము కలదు. బొగ్గు సముద్రముపై వచ్చును. ఒక మోస్తరు ఓడలో ఏడు అరలు, అరకు పదివేల చొప్పున డెబ్బదివేల టన్నుల బొగ్గు ఉన్నదనుకొందము. క్రేను ఒకటి గంటకు వేయి టన్నులు తీయగలిగినచో, ఒక్క క్రేనుతో ఆ ఓడ ఖాళీ యగుటకు 70 గంటలు పట్టును. నాలుగు క్రేనులను నాలుగు అరలపై ఒకేసారి నిలిపినచో ఆ పని 20 గంటలలో ముగియును. నాలుగవ వంతు లెక్కన పదిహేడున్నర గంటలే కావలెను గదా యని ఎవరైన అడుగవచ్చును. ఏడు అరలు నాలుగు క్రేనులకు సమముగా పంపకము కావు. రెండవ విడతలో ఒక క్రేను ఊరక నిలువవలసి వచ్చును. ఈ చిన్న చిక్కును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

కంప్యూటరు తన పత్రములను, పాటలను, చిత్రములను దాచుకొను డిస్కుల విషయమున ఇదే ఉపాయము లోకమంతట వాడుకలో ఉన్నది. దానిని ఇంగ్లీషున డిస్కు స్ట్రైపింగు అందురు. మనము చారల పంపకమనవచ్చును. ఇది వేగమునిచ్చు ఉపాయము. ఇచ్చిన వేగమునకు ఇది పుచ్చుకొను వెల యొకటి కలదు. ఆ వెల ఎరుగక పెండ్లి వీడియోలను, పిల్లల ఛాయాచిత్రములను, దుకాణపు లెక్కలను ఇట్టి పెట్టెలలో నింపుకొనువారు పెక్కురు. కావున వేగమును గూర్చియు, వెలను గూర్చియు కలిపియే చెప్పదలచినాము.

మొదట ఒక్క డిస్కు సంగతి చూతము. హార్డు డిస్కు అను పెట్టెలో గ్రామఫోను పలకల వంటి పళ్లెములు కొన్ని ఒకే ఇరుసుపై తిరుగుచుండును. వాటిపై అయస్కాంత గుణము గల పూత యుండును. సన్నని చేయి యొకటి లోనికి బయటికి కదలుచు, తన కొసనున్న తలతో ఆ పూతపై గుర్తులు వ్రాయును, వ్రాసినవి చదువును. 1956లో ఐ.బి.ఎం. సంస్థ రామాక్ అను యంత్రముతో మొదటి డిస్కు నిల్వను అమ్మకమునకు తెచ్చినది. అందు రెండడుగుల వ్యాసము గల పళ్లెములు 50 ఉండెను. అన్నియు కలిసి 50 లక్షల అక్షరములను దాచెను. నిమిషమునకు 1200 సార్లు తిరిగెను. నేడు అరచేతిలో ఇముడు డిస్కులో పది టెరాబైట్లు, అనగా పది లక్షల కోట్ల అక్షరములు పట్టుచున్నవి. నిల్వ ఇరువది లక్షల రెట్లు పెరిగినది. మరి తిరుగు వేగమో? సాధారణ వాడుకలోని డిస్కు నిమిషమునకు 7200 సార్లు తిరుగును. ఆరు రెట్లు మాత్రమే!

ఈ వ్యత్యాసమే నేటి మన కథకు మూలము. గాదె ఊరంత అయినది గాని, గాదె వాకిలి కొంచెమే వెడల్పయినది. 7200 సార్లనగా సెకనుకు 120 సార్లు. ఒక చుట్టునకు సెకనులో వేయవ వంతులు ఎనిమిదికి పైగా పట్టును. కావలసిన గుర్తు తల క్రిందికి వచ్చువరకు సగటున అందు సగము, నాలుగు వేయవ వంతులు, వేచియుండవలెను. చేయి సరియైన వలయమునకు కదలుటకు మరి ఎనిమిది తొమ్మిది వేయవ వంతులు. మొత్తము పండ్రెండు పదమూడు వేయవ వంతులు కేవలము ఎదురుచూపులో గడచును. ఒక్కసారి చోటు దొరికిన పిమ్మట మాత్రము సెకనుకు సుమారు 200 మెగాబైట్ల చొప్పున చదువుచు పోవును. ఇది పళ్లెము తిరుగుటకు కట్టుబడిన వేగము. డబ్బు ఎంత పోసినను ఒక్క డిస్కు ఇంతకన్న ఎన్నో రెట్లు వేగముగా పోజాలదు.

ఒక పెండ్లి వీడియో 40 గిగాబైట్లున్నదనుకొందము. దానిని ఒక డిస్కు నుండి చదువుటకు 200 సెకనులు, అనగా మూడు నిమిషములకు పైగా పట్టును. అదే వీడియోను నాలుగు డిస్కులపై పంచి పెట్టి, నాలుగింటిని ఒకేసారి చదివించినచో 50 సెకనులు చాలును. చారల పంపకమునకు ప్రయోజనమిదియే.

పంచుట ఎట్లు? పంక్తి భోజనమున వడ్డన ఎట్లో అట్లే. నలుగురు కూర్చున్న పంక్తిలో వడ్డించువారు మొదటి విస్తరిలో ఒక బూరె, రెండవ దానిలో ఒకటి, మూడవ దానిలో ఒకటి, నాలుగవ దానిలో ఒకటి వేసి, మరల మొదటి విస్తరికి వచ్చి రెండవ బూరె వేయుదురు. కంప్యూటరు తన పత్రమును సమానమైన తునకలుగా కోసి, మొదటి తునకను మొదటి డిస్కుపై, రెండవది రెండవ డిస్కుపై, అట్లే నాలుగింటిపై వేసి, అయిదవ తునకను మరల మొదటి డిస్కున, మునుపటి దాని క్రింద, వేయును. ఏ తునక ఎచ్చటనున్నదో వ్రాసి పెట్టుకొను పనియు లేదు. తునకల లెక్కను సున్నతో మొదలిడి, తునక సంఖ్యను నాలుగుతో భాగించినచో, శేషము ఏ డిస్కో చెప్పును. లబ్ధము ఎన్నవ వరుసయో చెప్పును. 14వ సంఖ్య గల తునక కావలెననుకొనుడు. 14ను 4తో భాగింపగా లబ్ధము 3, శేషము 2. అనగా సున్న నుండి లెక్కించి 2వ సంఖ్య గల డిస్కున, 3వ సంఖ్య గల వరుసలో అది యుండును. బడిలో నేర్చిన భాగహారమే ఇంతటి యంత్రమునకు దారి చూపుచున్నది.

డిస్కులను ప్రక్క ప్రక్కన నిలువు గీతలుగా కాగితముపై వ్రాసి, ఒక్కొక్క వరుస తునకలకు ఒక్కొక్క రంగు పూసినచో, వెంకటగిరి నేతగాని అడ్డచారల గుడ్డ వలె కనిపించును. ఆ పోలిక వలననే దీనికి చారల పంపకమని పేరు. ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయమున కెన్నెత్ సేలెం, హెక్టర్ గార్సియా మోలినా అను వారు 1986లో ఈ పేరుతోనే ఒక పరిశోధన వ్యాసమును ప్రకటించిరి.

తునక ఎంత యుండవలెను? ఇది చూచుటకు అల్పమైన ప్రశ్న. రేవులో ఒక క్రేను ఊరక నిలిచిన సంగతి ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. తునక మరీ పెద్దదైనచో చిన్న పత్రమంతయు ఒక్క డిస్కుననే పడును. తక్కిన మూడు డిస్కులు ఊరక చూచుచుండును. మరీ చిన్నదైనచో వేరొక చిక్కు. 64 కిలోబైట్ల చిన్న ఉత్తరమును నాలుగు ముక్కలు చేసి నాలుగు డిస్కులపై వేసితిమనుకొందము. దానిని చదువుటకు నాలుగు చేతులును కదలవలెను, నాలుగు పళ్లెములకును వేచియుండవలెను. ఆ చదువుటలో మిగిలినది సెకనులో వేయవ వంతున పాతిక భాగము మాత్రమే; ఎదురుచూపు మాత్రము పండ్రెండు వేయవ వంతులకు తగ్గదు, పైగా నాలుగింటిలో చివరిగా సిద్ధమైన దాని కొరకు ఆగవలెను. ఆ లోపల ఇంకొకరి పని చేయుటకు ఏ డిస్కును ఖాళీగా లేదు. అదే ఉత్తరమును ఒక్క డిస్కుననే ఉంచినచో, నలుగురి నాలుగు ఉత్తరములను నాలుగు డిస్కులు ఏకకాలమున తెచ్చి ఇచ్చును.

కావున పెద్ద వీడియోలు చూచు ఇంటికి ఒక కొలత, వేయి మంది చిన్న చిన్న లెక్కలు అడుగు బ్యాంకునకు వేరొక కొలత. సామాన్యముగా 64 కిలోబైట్లు మొదలు కొన్ని వందల కిలోబైట్ల వరకు తునకలను ఎన్నుకొందురు. అన్ని డిస్కులను ఒకే తాళమున త్రిప్పుట మేలా, తునకలుగా పంచి ఎవరి పని వారిని చేసికొననిచ్చుట మేలా, రెంటిని కలుపుట మేలా యని పోల్చి చూచిన తొలి పరిశోధనలలో ఒకటి 1989లో ఎ. ఎల్. నరసింహారెడ్డి, పృథ్విరాజ్ బెనర్జీ అను వారు అమెరికాలో ప్రకటించినది. మొదటి పేరు మన చెవులకు పరాయిది కాదు. ఆయన తరువాత టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి.

రేవు నుండి ఇంకొక పాఠమును తీసికొనవచ్చును. నాలుగు క్రేనులు తీసిన బొగ్గంతయు ఒక్క కన్వేయరు బెల్టు మీదనే పోవలసియున్నదనుకొనుడు. బెల్టు గంటకు రెండు వేల టన్నులే మోయగలిగినచో, మూడవ క్రేను, నాలుగవ క్రేను అలంకారములే. కంప్యూటరునకును అట్లే. నాలుగు డిస్కుల పెట్టెను ఇంటిలో సాధారణ గిగాబిట్ తీగెతో కలిపినవారు, వేగము నాలుగు రెట్లు కాలేదని విచారింతురు. ఆ తీగె సెకనుకు 125 మెగాబైట్లకు మించి మోయజాలదు. ఒక్క డిస్కు ఇచ్చు 200 మెగాబైట్లే దానికి అధికము. తీగె మార్చక డిస్కులు పెంచుట వలన అమ్మినవానికి తప్ప లాభము లేదని మా అభిప్రాయము.

ఇంతవరకు రేవు పోలిక మనకు సాయపడినది. ఇక ఇచ్చట దానిని వదలవలెను. ఓడలో ఒక అర బొగ్గు నీట మునిగినను తక్కిన అరలలోని బొగ్గు బొగ్గే, పొయ్యిలో మండును. పత్రము అట్టిది కాదు. నాలుగు మెగాబైట్ల ఛాయాచిత్రమొకటి 64 కిలోబైట్ల తునకలుగా 64 ముక్కలై, డిస్కునకు 16 చొప్పున నాలుగు డిస్కులపై నున్నది. ఒక డిస్కు చెడినది. ఆ చిత్రమున 16 ముక్కలు పోయినవి. అవియు ఒక ప్రక్కవి కావు. ప్రతి నాలుగవ ముక్క పోయినది. పుస్తకమున నాలుగవ పుట చొప్పున చించివేసినచో కథ మిగులునా? ఆ ఒక్క చిత్రమునకే కాదు, పెట్టెలోని ప్రతి చిత్రమునకు, ప్రతి వీడియోకు ఇదే గతి. ఒక్క తునకలో ఇమిడిన చిన్న ఉత్తరములు కొన్ని చెక్కుచెదరక మిగులవచ్చును గాని, ఏ పత్రమెచ్చట నున్నదో చెప్పు పట్టికయు చారలుగా పంచబడి యుండుటచే దానిలోను కన్నములు పడును. అందుచే సాధారణముగా నాలుగవ వంతు పోయినదనక, అంతయు పోయినదనియే లెక్కించుకొనవలెను.

పైగా డిస్కులు పెరిగినకొలది ఈ ముప్పు దగ్గరకు వచ్చును. ఒక డిస్కు ఒక సంవత్సరములో చెడుటకు నూటికి మూడు వంతులు అవకాశమున్నదనుకొందము. నాలుగు డిస్కులలో ఏదో ఒకటి ఆ సంవత్సరమున చెడుటకు అవకాశము నూటికి పదకొండున్నర అగును. ఎనిమిది డిస్కులైనచో నూటికి 22 వంతులు. ఒక్క డిస్కు మీద బ్రతుకుట కన్న నాలుగింటి మీద పంచుకొని బ్రతుకుట క్షేమమని మనకు తోచును. ఇచ్చట అది తలక్రిందులు. ప్రతి డిస్కును మొత్తమునకు పూచీదారై యుండుట వలన, ఏ ఒక్కటి మాట తప్పినను అందరి సొమ్ము మునుగును.

ఈ లెక్కను కళ్లకు కట్టినట్లు చూపినవారు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలోని డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అను మువ్వురు. ఆ దినములలో పెద్ద కంప్యూటరులకు ఐ.బి.ఎం. వారి 3380 అను డిస్కు వాడుకలో నుండెను. దాని పళ్లెముల వ్యాసము 14 అంగుళములు, నిల్వ 7500 మెగాబైట్లు. మేజా కంప్యూటరుల కొరకు కానర్ సంస్థ చేసిన మూడున్నర అంగుళముల డిస్కు 100 మెగాబైట్లే పట్టును గాని చౌక. చిన్నవి 75 చేర్చినచో పెద్దదానితో సమానము. చేతులు మాత్రము డెబ్బదియైదు! మరి నమ్మకమో? ఒక్కొక్క చిన్న డిస్కు సగటున 30,000 గంటలు, అనగా మూడు సంవత్సరములకు పైగా పనిచేయుననుకొన్నను, అట్టివి నూరు కలిపినచో 300 గంటలకు, రెండు వారములు నిండకయే, ఏదో ఒకటి చెడునని వారు లెక్క కట్టిరి. పదునైదు దినములకొకసారి సర్వస్వము పోవు ఖజానా ఎవరికి కావలెను? 1988లో వారు ప్రకటించిన వ్యాసము ఆ చిక్కునకు విరుగుడు చెప్పినది. రెయిడ్ అను పేరు నాటి నుండి నిలిచినది. ఏ రక్షణయు లేని వట్టి చారల పంపకమునకు తరువాతివారు రెయిడ్ సున్న యని పేరు పెట్టిరి. ఆ సున్న అంకె రక్షణ ఎంతయో కూడ తెలుపుచున్నది.

విరుగుడు ఏది? ఇల్లాలి లెక్కల పుస్తకము తెరచి చూడుడు. ఒకనాటి ఖర్చు: పాలకు 60, కూరలకు 85, సరకులకు 120, చివర మొత్తము 265 అని వ్రాసియున్నది. కూరల అంకెపై నూనె చుక్క పడి కనబడకుండ పోయినది. ఆమె అంగడికి పోయి అడుగదు. 265 నుండి 60, 120 తీసివేసి 85 అని వ్రాసికొనును. మొత్తమను అంకె కొత్త సంగతి ఏదియు చెప్పలేదు. అయినను పోయినదానిని తిరిగి తెచ్చినది. మొత్తమే చెరిగినచో తక్కిన మూడు కలిపి మరల వ్రాసికొనవచ్చును. నాలుగు అంకెలలో ఏ ఒకటి పోయినను భయము లేదు. రెండు పోయినచో మాత్రము ఏమియు చేయలేము.

డిస్కులలోను ఇదే జరుగును. కంప్యూటరు లెక్క ఒకట్లు, సున్నలు మాత్రమే గనుక మొత్తమునకు మారుగా సరి బేసి చూచును. మూడు డిస్కులలో ఒకే చోట 1, 0, 1 ఉన్నచో ఒకట్లు రెండు, సరి సంఖ్య. కావున నాలుగవ డిస్కున 0 వ్రాయును. 1, 1, 1 ఉన్నచో బేసి గనుక 1 వ్రాసి సరి చేయును. ఒక డిస్కు పోయినపుడు తక్కిన మూటిని చూచి, సరి కావుటకు ఏమి కావలెనో అదే పోయినదని గ్రహించును. దీనిని పారిటీ అందురు. నాలుగు డిస్కులలో ఒక దానికి సరిపోవు చోటు దీనికి పోవును. మూడు వంతులు మనకు మిగులును.

మొత్తమును దిద్దుట కూడ పనియే. కూరలకు 85 కాదు, 95 అని తెలిసినచో ఆ అంకెను, మొత్తమును రెంటిని దిద్దవలెను. డిస్కున ఇది నాలుగు పనులగును: పాత తునకను చదువుట, పాత పారిటీని చదువుట, కొత్త తునకను వ్రాయుట, కొత్త పారిటీని వ్రాయుట. పారిటీ యంతయు ఒకే డిస్కున నున్నచో, ఎవరేమి వ్రాసినను ఆ డిస్కు వాకిట బారులు తీరవలెను. అందుచే పారిటీ తునకను ఒక వరుసలో నాలుగవ డిస్కున, తరువాతి వరుసలో మూడవ దానిలో, ఆ పైన రెండవ దానిలో, ఇట్లు త్రిప్పుచు వ్రాయుదురు. రెయిడ్ అయిదు అను పద్ధతి ఇదియే. చారలు పంచినట్లే, చారల కాపలా పనిని కూడ పంచినారు.

అయినను నిశ్చింత లేదు. పది టెరాబైట్ల డిస్కు చెడి, దాని స్థానమున కొత్తది పెట్టితిమి. పోయిన అక్షరములను తక్కిన డిస్కుల నుండి లెక్కకట్టి నింపవలెను. సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున ఎడతెగక వ్రాసినను 50,000 సెకనులు, సుమారు పదునాలుగు గంటలు పట్టును; నడుమ వేరు పనులున్నచో దినములు పట్టును. ఆ కాలమంతయు తక్కిన డిస్కులు మొదటి అంచు నుండి చివరి అంచు వరకు చదువబడుచుండును. ఒకే దినమున కొని, ఒకే పెట్టెలో ఒకే వేడికి పనిచేసిన డిస్కులు ఇంచుమించు ఒకే కాలమున ముసలివగుట వింత కాదు. రెండవది ఆ గంటలలో చెడినచో కథ ముగిసినట్లే. అందుకే పెద్ద నిల్వలకు రెండు కాపలా తునకలు గల రెయిడ్ ఆరు వచ్చినది. ఇట్టి లెక్కలకు పునాది 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ అనువారు ప్రకటించిన సంకేత గణితము. పాటల కాంపాక్టు డిస్కుపై చిన్న గీత పడినను పాట తెగక వినిపించుట కూడ ఆ గణితము చలువయే.

ఇంత శ్రమ ఎందుకు? తీరమున నుండువారికి ఈ వేగముతో నేరుగా సంబంధము కలదు. తుఫాను రాకను లెక్కకట్టు మహాయంత్రములు సముద్రమును, ఆకాశమును చిన్న చిన్న గదులుగా భావించి, ప్రతి గదిలోని గాలిని, వేడిని, తేమను గడియ గడియకు లెక్కించి వ్రాయుచుండును. 2018లో పుణెలో ప్రత్యూష్, నోయిడాలో మిహిర్ అను యంత్రములను మన దేశము ఇందుకొరకు నెలకొల్పినది. ఇట్టి మహాయంత్రములు వేలకొలది గణకములతో పనిచేయును గనుక, అవి వ్రాయుదానిని ఒక్క డిస్కు అందుకొనజాలదు. పెక్కు డిస్కులపై చారలుగా పంచి, కాపలా తునకలు చేర్చి వ్రాయుట అట్టి యంత్రములలో సర్వసాధారణము. కృష్ణపట్నము రేవున మూడవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేసిరని రేడియోలో విని పడవలను ఒడ్డునకు లాగుకొను మత్స్యకారునికి చారల పేరు తెలియదు. లెక్క ఆలస్యమైనచో సూచికయు ఆలస్యమగును.

అయితే ఈ తీరమే మనకు ఇంకొక సంగతి చెప్పుచున్నది. 1989 నవంబరులో కావలి వద్ద తీరము దాటిన తుఫాను, 2004 డిసెంబరు 26 నాటి సునామీ, 2023 డిసెంబరులో బాపట్ల వద్ద తీరము దాటిన మిచాంగ్ తుఫాను - వీటి నాటి గాలివానలను, నీటిని ఎరిగిన ఇండ్లకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇంటిలోనికి నీరు వచ్చినచో డిస్కులు ఒకటొకటిగా చెడవు. పెట్టె పెట్టెయే మునుగును. పిడుగు తీగె వెంట వచ్చినను అంతే. పారిటీ ఒక్క డిస్కు చావునకు మందు. ఇల్లు మునుగుటకు మందు కాదు. పొరపాటున మనమే ఒక చిత్రమును చెరిపివేసినచో, పారిటీ విధేయతతో ఆ చెరుపును కూడ అన్ని డిస్కులపై సరిగా వ్రాయును. దొంగ ప్రోగ్రాము ఒకటి ప్రవేశించి పత్రములను తాళము వేసినచో, ఆ తాళమును కూడ భద్రముగా కాపాడును!

పాత టేపులలోని నాటకములను, సంగీత కచేరీలను కంప్యూటరులోనికి ఎక్కించి భద్రపరచు మా వంటి వారికి కావలసినది వేగము కాదు. ఒక కచేరీని ఒక గంట ఆలస్యముగా తెరచినను నష్టము లేదు. గాయకుడు తిరిగి రాడు. అట్టి వాటికి వేరొక డిస్కుపై, వేరొక ఊరిలో, ఇంకొక ప్రతి యుండవలెను. గృహస్థులకును మేము చెప్పునది ఇదియే. కూర్పు పని జరుగుచున్న వీడియోకు చారలు మంచివి. పని ముగిసిన పిమ్మట ఆ వీడియో చారల పెట్టెలో ఒంటరిగా ఉండరాదు. ముత్తుకూరున నున్న వారి రెండవ ప్రతి నెల్లూరులోని చెల్లెలి ఇంటనో, హైదరాబాదులోని కుమారుని వద్దనో బీరువాలో నుండుటకు పెద్ద ఖర్చు కాదు.

చేతులు, పళ్లెములు లేని కొత్త రకము నిల్వ వచ్చినది గదా, దానికి ఇవి వర్తించునా యని అడుగువారు కలరు. ఎస్.ఎస్.డి. అను ఆ పెట్టెలో చిప్పులు అనేకములుండును. ఒక్కొక్క చిప్పు వ్రాయుటలో నెమ్మదియే. లోపలి కంట్రోలరు తునకలను చిప్పులపై వరుసగా పంచి ఒకేసారి వ్రాయించును. మనకు తెలియకయే అందును పంక్తి వడ్డన జరుగుచున్నది.

ఇంటిలో రెండు లేక నాలుగు డిస్కుల పెట్టె ఇదివరకే ఉన్నవారు అది ఏ పద్ధతిలో నున్నదో తెలిసికొనుటకు ఒక సులభమైన మార్గము కలదు. రెండు డిస్కుల పెట్టెలు కొన్ని కర్మాగారము నుండియే సున్న పద్ధతిలో వచ్చును. చోటు పెద్దదిగా, వేగము అధికముగా కనిపించును గదా! పెట్టెలోని డిస్కుల పరిమాణమును కూడి చూడుడు. నాలుగేసి టెరాబైట్ల డిస్కులు రెండున్నవి, కంప్యూటరు ఎనిమిది చూపుచున్నది - అనగా కాపలాకు చోటు ఏమియు పోలేదు, రక్షణ లేదు. నాలుగు చూపినచో ఒక డిస్కు రెండవదానికి అద్దము వలె నకలు వ్రాయుచున్నది. నాలుగు డిస్కుల పెట్టె పదునారు చూపినచో రక్షణ లేదు. పండ్రెండు చూపినచో పారిటీ ఒకటి. ఎనిమిది చూపినచో పారిటీ రెండు గాని, అద్దపు నకలు గాని. ఈ అంకెలు కంప్యూటరు తెరపై కొంచెము తక్కువగా కనబడవచ్చును. ఎనిమిదికి మారుగా 7.27 అని యున్నచో ఎవరును మోసము చేయలేదు. డిస్కు అమ్మువారు వేయితో లెక్కింతురు, కొన్ని కంప్యూటరులు 1024తో లెక్కించును.